కుడివైపు ఇంజనుకు క్షమాపణలు

ఫిబ్రవరి 4, ఆదివారం. తెనాలి.

కుడివైపు ఇంజనుకు, అందులో మాడి మసైన రేకులన్నిటికీ, సీటు బెల్టులు బిగించుకుని నన్ను నమ్మి కూర్చున్న నూట ఎనభై మంది ప్రయాణికులకూ, వాళ్ళను ఎక్కించడానికి వచ్చి అద్దాల అవతల చేతులూపుతున్న బంధుమిత్రులకూ, ఈ దేశపు గగనతలానికీ శిరసు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ నోటుబుక్కులో ముందు ముందు రాబోయే ఘోరాలన్నిటికీ కర్తను నేనే. చరిత్ర ఏ శిక్ష వేసినా కాదనను. ఈ వాక్యం రాస్తుండగా అమ్మ పెసరట్టు తెచ్చి పక్కన పెట్టింది. పశ్చాత్తాపానికి కాసేపు విరామం.

తిన్నాను. ఇక నిజాలు. ఆ ఇంజను లేదు. ఆ ప్రయాణికులూ లేరు. ఆ విమానానికి ఉన్నదల్లా ముక్కు ఒక్కటే. అది రేపల్లెలో, వినయ్ అన్న ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది.

వినయ్ కుమార్, వయసు నలభై ఒకటి. నేను బాపట్లలో నాలుగేళ్ళు వెలగబెట్టిన ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్. ఏడేళ్ళుగా ప్లైవుడ్డుతో, పాత టీవీలతో, ఆర్టీసీ బస్సు నుంచి ఊడదీసిన డ్రైవరు సీటుతో జెట్ విమానం కాక్‌పిట్ కట్టుకుంటున్నాడు. సీటు కింద రొయ్యల చెరువులో గాలి చక్రాలు తిప్పే మోటారు బిగించాడు. ఇంజను అందుకున్నప్పుడు సీటు నిజంగా వణుకుతుంది. ఫ్యూయల్ లివర్లు రెండూ పడవ ఇంజన్లు బాగుచేసే చోట లేతు మీద తీయించాడు. ఆ ముక్కులో ఆయన చెయ్యి పడనివి మీటర్ల ముళ్ళు మాత్రమే. కంప్యూటర్లోని విమానం అంకెలు పంపుతుంది, ఆ అంకెలు నేను రాసిన ప్రోగ్రాం గుండా పోయి ముళ్ళను కదుపుతాయి. ముళ్ళు ఏం చెప్పాలన్నదానిలో చివరి మాట నాది.

భావి చరిత్రకారుల సౌకర్యార్థం, జెట్ ఇంజను స్టార్ట్ చేసే విధానం. మొదట కుడివైపుది. స్విచ్చు తిప్పితే గాలి వచ్చి ఇంజనును తిప్పుతుంది. తిరుగుడు ముల్లు లేస్తుంది. అది ఇరవై అయిదుకు వచ్చేదాకా ఆగాలి. వచ్చాక లివరు ఎత్తాలి. ఇంధనం పడుతుంది, నిప్పు అంటుకుంటుంది, వేడి ముల్లు గుట్ట ఎక్కి దిగినట్టు ఎక్కి దిగి నిలబడుతుంది. తొందరపడి ముందే ఎత్తితే గాలి చాలదు. అప్పుడు వేడి ముల్లు దిగదు, ఎర్రగీత దాటి పోతుంది, ఇంజను మాడుతుంది. దీన్నే హాట్ స్టార్ట్ అంటారు. మాడబోతోందని తోచిన క్షణాన లివరు కిందికి కొట్టేయాలి. మొత్తం నిమిషం పని.

వినయ్ అన్నకు ఎగరడం మీద పెద్ద మోజు లేదు. మోజంతా ఆ నిమిషం మీదే. స్టార్ట్ చేస్తాడు, రెండు ఇంజన్లూ ఒక్క శ్రుతిలో పడేదాకా వింటాడు, ఆపేస్తాడు, దిగి టీ తాగుతాడు.

దానికి ముందు ఇంకొక నిమిషం ఉంది. వాళ్ళు లూథరన్లు. వాళ్ళమ్మ రిబ్కమ్మ గారు షెడ్డు గుమ్మంలో కుర్చీ వేయించుకుని ప్రార్థన చేయందే స్విచ్చు తిప్పకూడదు. “ప్రభువా, ఈ బండిలో ఉన్నోళ్ళనీ, బండి కింద ఊళ్ళల్లో ఉన్నోళ్ళనీ కాయి తండ్రీ” అని మొదలుపెట్టి, రేపల్లెలో మంచం పట్టినవాళ్ళందరినీ పలకరించి ఆమేన్ దగ్గరికి వస్తుంది. అంతసేపూ అందరూ కళ్ళు మూసుకుని ఉంటారు. కుడి సీటులో నేను మాత్రం తెరుచుకుని ఉంటాను.

నా ఫోనులో ఒక మిరపకాయ బొమ్మ ఉంది. దాన్ని నొక్కితే తర్వాతి స్టార్టులో వేడి ముల్లు దిగదు.

ఇప్పటికి మూడు ఇంజన్లు.


ఫిబ్రవరి 5

నాకు వినయ్ అన్న మీద కోపమేమీ లేదు. రాసి పెట్టుకోవడం మంచిది.


ఫిబ్రవరి 11, ఆదివారం

నాలుగోది.

లివరు సరిగ్గా ఇరవై అయిదు మీద ఎత్తాడు. ముల్లు ఎర్రగీత దాటాక కూడా ఆయన చెయ్యి కదల్లేదు. నాలుగు సెకన్లు అలాగే చూస్తూ కూర్చున్నాడు. నా ప్రోగ్రాం అన్నీ రాసుకుంటుంది, ఇదీ రాసుకుంది. ఆ తర్వాత లివరు దించి, చెమట తుడుచుకుని, నా వైపు తిరిగాడు.

“ఎంత దగ్గర ఎత్తాను తమ్ముడూ?”

“ఇరవై మూడున్నర అన్నా.”

“ఇరవై అయిదు చూశాననుకున్నానే.”

“తొందరలో అలాగే అనిపిస్తదిలే అన్నా.”

నా గొంతులో ఎంత ఓదార్పు ఉందంటే, నాకే ఎవరైనా అలా చెప్పేవాళ్ళుంటే బాగుండుననిపించింది.

నిర్మల వదిన నర్సు. లోపలి నుంచి వచ్చి ఆయన్ను చెయ్యి చాపమంది. వేళ్ళ మీద ఒక కాగితం పరిచి చూసింది. కాగితం వణికింది. వదిన మొహం మాడిపోయింది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ పైకి చూడలేదు. నేను చూశాను. ఫ్యాను విషయం చెప్పడం నా పని కాదు, నాది ముళ్ళ శాఖ.


ఫిబ్రవరి 20, మంగళవారం

ఈ రోజు ఆయన తెనాలి వచ్చాడు. నా కోసం కాదు, మా నాన్న కోసం. మా నాన్న వెంకటరత్నం గారికి బోసు రోడ్డులో కళ్ళజోళ్ళ కొట్టుంది. మీటరు సరిగ్గా కనపడట్లేదేమోనని కళ్ళు చూపించుకోవడానికి కాలేజీకి సెలవు పెట్టి మరీ వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న ఆ సంగతే చెప్పాడు. ఆ మనిషి చిట్టచివరి వరస అక్షరాలు కూడా తడుముకోకుండా చదివేశాడట. అయినా నమ్మడట. ఇంకొకసారి చూడండి అంటూ మూడుసార్లు చదివాడట. కళ్ళు బాగున్నాయని చెబితే ఏడుపు మొహం పెట్టిన గిరాకీని ముప్పై ఏళ్ళలో మొదటిసారి చూశానన్నాడు నాన్న.

“ఇరవై ఏళ్ళ కుర్రాడి కళ్ళురా అవి. నీకేమన్నా తెలుసా ఆయన బాధేంటో?”

తెలీదన్నాను. పప్పులో ఇంకొంచెం నెయ్యి వేసుకున్నాను.


ఫిబ్రవరి 25, ఆదివారం

ఏడోది. మహోన్నతమైనది.

ఆరాధన అయ్యాక వాళ్ళ పాస్టరు సామ్యేలు అయ్యగారిని, ఇంకో పదిమంది సంఘస్థులను వినయ్ అన్న స్వయంగా పిలుచుకొచ్చాడు. ఏడేళ్ళుగా షెడ్డులో ఏం చేస్తున్నాడో చూపించాలని ఆయనకు మనసైంది. ఆడవాళ్ళు గుమ్మంలో, మగవాళ్ళు సీటు వెనక, పాస్టరు గారు స్టూలు మీద. రిబ్కమ్మ గారు మొదలుపెట్టబోతే అయ్యగారు తానే ప్రార్థిస్తానన్నారు. ఆయన ప్రార్థన మూడు నిమిషాలు. నాకైతే మిరపకాయ నొక్కి, మెసేజీలు కూడా చూసుకునేంత వ్యవధి దొరికింది.

వేడి ముల్లు ఎర్రగీత దాటింది. నేను చాలా కష్టపడి తయారు చేసిన మంటల గంట మోగింది. పాస్టరు గారు స్టూలుతో సహా వెనక్కి జరిగారు. ఎవరో ఆడమనిషి గట్టిగా నవ్వింది. ఆ తర్వాత నవ్వని వాళ్ళెవరూ లేరు. వినయ్ అన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. దెబ్బ తగిలినవాడు నవ్వడం మర్యాద కాదు.

మూడు సెకన్లకు కట్ చేశాడు. మెరుగుపడుతున్నాడు.


మార్చి 3, ఆదివారం

పొద్దున బండికి రేపల్లె వెళ్ళి, వాళ్ళ లూథరన్ గుడిలో చివరి బల్ల మీద కూర్చున్నాను. అయ్యగారు ప్రసంగానికి తీసుకున్న వాక్యం ఏమిటంటే, సమయం రాకముందే తొందరపడే మనుషుల గురించి. అయ్యగారు ఉదాహరణ చెప్పారు. మన సంఘంలోనే ఒక సహోదరుడు, విమానం నడపాలనుకున్నాడు, గాలి అందకముందే నిప్పు పెట్టాడు. పేరు చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. నూట యాభై తలలు ఒక్కసారి తిరిగాయి.

వినయ్ అన్న ఒళ్ళో బైబిలు తెరిచి పెట్టుకుని చూస్తున్నాడు. పేజీ తిప్పడం లేదు. రిబ్కమ్మ గారు మాత్రం తల ఎత్తుకునే ఉంది.

బయటికొచ్చాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. “నువ్వన్నా వస్తన్నావు నాయనా వాడికి తోడుగా. దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు.”

తప్పకుండా చూస్తాడు. ఆయన కూడా కళ్ళు మూసుకుంటే తప్ప.


మార్చి 6, బుధవారం. బాపట్ల.

సర్టిఫికెట్ల పని మీద కాలేజీకి వెళ్ళాను. ల్యాబులో వినయ్ అన్న ఒక్కడే పాత మీటర్లకు నంబర్లు వేస్తున్నాడు. ఏప్రిల్ ముప్పైతో ఆయన కాంట్రాక్టు అయిపోతుందట. ల్యాబులు కలిపేస్తున్నారు. పదిహేడేళ్ళ సర్వీసు. అమ్మకు ఇంకా చెప్పలేదన్నాడు.

స్టేషను దాకా నాతో నడిచి వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద అసలు విషయం బయటపెట్టాడు. శంషాబాద్ దగ్గర పైలట్లకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఒకటుంది. అక్కడ సిమ్యులేటర్లు చూసుకునే మనిషి కావాలి. ఒక్కటే పోస్టు. ఆ విభాగం పెద్ద వెంకట సుబ్బయ్య గారని, విమానాల ఇంజనీరుగా రిటైరైన ఆయన, కర్లపాలెంలో బంధువుల గృహప్రవేశానికి ఏప్రిల్ ఏడున వస్తున్నారు. వినయ్ అన్న రాసిన ఉత్తరం చదివి, దారిలో రేపల్లె వచ్చి చూస్తానన్నారు.

“డిగ్రీ లేనోడికి ఇంకోసారి ఇలాంటి పిలుపు రాదు తమ్ముడూ. చెయ్యి మాట వినాలి, అంతే.”

చేతిని చూసుకున్నాడు. ఆ చూపు, పెంచుకున్న కుక్క కరిస్తే దాన్ని చూసే చూపు.

బండొచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. ప్రయాణం సుఖంగా జరిగింది.


మార్చి 7

కోపమేమీ లేదని మళ్ళీ రాస్తున్నాను. కోపానికి కారణం ఉండాలి కదా. ఏముంది?

ఫైనలియర్ ప్రాజెక్టు. నేను విజయవాడలో రెడీమేడ్‌గా కొని తెచ్చుకున్నాను. అందరూ కొనేదే. వైవా రోజు పొద్దున అది పని చేయలేదు. మూత తీస్తే లోపల ఏముందో నాకే తెలీదు. ల్యాబులో వినయ్ అన్న చూశాడు, ఏమీ అడగలేదు, గంటసేపు కూర్చుని సోల్డరింగ్ చేసి ఇచ్చాడు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఎవరు చేశారంటే, “మా శశాంక్ ఒక్కడే చేసుకున్నాడు సార్” అన్నాడు. నాకు తొంభై రెండు మార్కులు. ఆ తర్వాత నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు, నాతో గానీ ఇంకెవరితో గానీ.

ఎత్తి ఉంటే ఏదో ఒకటి అనేసి వదిలిపోయేది. ఎత్తడు.

ముళ్ళ ప్రోగ్రాం మాత్రం నేనే రాశాను. మూడు నెలలు కూర్చుని, నిజంగా నేర్చుకుని. ఎవరికి నిరూపించడానికో అడగకూడదు.


మార్చి 10

పది.


మార్చి 17, ఆదివారం

పదమూడు. అశుభ సంఖ్య, ఆపేద్దాం.

ఒక వింత గమనించాను. వినయ్ అన్న ఇప్పుడు లివరు ఎత్తాక దాని మీద నుంచి చెయ్యి తీయడం లేదు. కళ్ళు వేడి ముల్లు మీదే. అది లేచే తీరులో ఏదో తేడా ఆయనకు తెలిసిపోతోంది, ఎర్రగీత దాకా కూడా రానివ్వట్లేదు. ప్రోగ్రాం లెక్క ప్రకారం ఒకటింబావు సెకను. నేను పెట్టిన మిరపకాయ అది. అది కొరికినట్టు నాకే అంత త్వరగా తెలీదు. కట్ చేసి, గాలిని నిమిషంపాటు తిరగనిచ్చి, చల్లారాక మళ్ళీ మొదటి నుంచి. విసుగు లేదు. ప్రతిసారీ నాకు సారీ చెబుతున్నాడు.

రోజూ పొద్దున కాలేజీ బస్సుకు ముందు అరగంట సాధన చేస్తున్నాడట. నేను లేని రోజుల్లో ఒక్కసారి కూడా మాడలేదట.

“నువ్వు పక్కనుంటే కంగారొస్తందేమో తమ్ముడూ” అన్నాడు, ఎంతో మొహమాటంగా. “నీ తప్పేం లేదులే.”

మిరపకాయ తీసేశాను. మనిషన్నాక ఎక్కడో ఒకచోట ఆగాలి.


మార్చి 18

పూర్తిగా తీయలేదు. స్క్రీను మీద కనపడకుండా రెండో పేజీలోకి జరిపాను.


మార్చి 31

ఈస్టరు. రిబ్కమ్మ గారు స్టీలు డబ్బాలో కోడికూర పంపింది. వినయ్ అన్నే బండి మీద తెనాలి వచ్చి ఇచ్చి వెళ్ళాడు. చాలా బాగుంది.


ఏప్రిల్ 7, ఆదివారం

ఈ రోజు ఏమీ జరగలేదు. అంతా బ్రహ్మాండంగా జరిగింది. పడుకుంటున్నాను.


ఏప్రిల్ 8, సోమవారం

నిన్న సరిగా రాయలేదు. రాస్తాను.

వెంకట సుబ్బయ్య గారు పదకొండింటికి వచ్చారు. నుదుట గృహప్రవేశం బొట్టు, చేతిలో తాంబూలం సంచి. షెడ్డు చుట్టూ నడిచారు. ఆర్టీసీ సీటు కుట్లు తడిమి చూశారు. సీటు కింది రొయ్యల చెరువు మోటారు చూపిస్తే నవ్వారు, మంచి నవ్వే. లివరు ఎత్తి దించి, ఎవరు తీశారని అడిగారు. కుర్చీలో కూర్చుని నెమ్మదిగా ఒక మాట చెప్పారు.

“చూడండి వినయ్ గారూ, బొమ్మ మా దగ్గర ఉంది. దాన్ని చూసుకునేవాడు కావాలి. ముల్లు అబద్ధం చెబితే పసిగట్టేవాడు కావాలి. పదిసార్లు రిహార్సల్ వేసుకుని నా ముందు ఆడి చూపించేవాళ్ళని చాలామందిని చూశానండి. వాళ్ళు నాకొద్దు.”

“అలాగేనండి” అన్నాడు వినయ్ అన్న. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయింది.

ఆయన కుడి సీటులో కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను. నేనెవరని అడిగారు. అప్పుడు వినయ్ అన్న అన్నాడు, “మా కాలేజీ కుర్రాడేనండి. శశాంక్. చాలా తెలివైనోడు. చదువుకునేటప్పుడు ప్రాజెక్టు కూడా ఎవరి సాయం లేకుండా ఒక్కడే చేసుకున్నాడు.”

ఎందుకు అనాలి ఆ మాట? ఎవరు అడిగారు?

రిబ్కమ్మ గారు ప్రార్థన మొదలుపెట్టింది. వెంకట సుబ్బయ్య గారు కూడా మర్యాదగా తల వంచి కళ్ళు మూసుకున్నారు. నిర్మల వదిన పెదవులు కదుపుతోంది. వినయ్ అన్న కనురెప్పలు గట్టిగా బిగించాడు, చిన్నపిల్లలు ఇంజెక్షనుకు బిగించినట్టు. “ఈ బిడ్డ కష్టం నీకు తెలుసు తండ్రీ” అంటోంది రిబ్కమ్మ గారు.

రెండో పేజీలోకి వెళ్ళడానికి ఒక్క వేలు చాలు.

తిరుగుడు ముల్లు లేచింది. ఇరవై అయిదు. లివరు ఎత్తాడు. వేడి ముల్లు లేచింది. ఇంకా ఎర్రగీతకు ఎంతో దూరం ఉండగానే ఆయన చెయ్యి కిందికి వచ్చేసింది.

“హాట్ స్టార్టండి. కట్ చేశాను. గాలి తిప్పుతున్నాను.”

గొంతులో వణుకు లేదు. నిమిషంపాటు గాలి తిరిగింది. వేడి ముల్లు దిగింది. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి అందుకుంది. తర్వాత ఎడమవైపుది. రెండూ ఒక్క శ్రుతిలో పడ్డాయి, సీటు వణికింది, రేకులు సన్నగా మోగాయి. వెంకట సుబ్బయ్య గారు ప్యానెల్ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు.

వినయ్ అన్న ఇంజన్లు ఆపి, తలొంచుకుని చెప్పాడు. “క్షమించండి సార్. ఇరవై నాలుగు దగ్గరే ఎత్తినట్టున్నాను.”

ఆయన మరోసారి ముళ్ళ వైపు చూశారు. వినయ్ అన్న కాఫీ తేవడానికి ఇంట్లోకి వెళ్ళాడు. వదినా, పెద్దామె కూడా లోపలికి వెళ్ళారు. షెడ్డులో మేమిద్దరం.

“సరిగ్గా ఇరవై అయిదు మీదే ఎత్తాడు, నేను చూశాను. మరి ఆ తేడా ఎక్కడిది?” అన్నారు వెంకట సుబ్బయ్య గారు. నేను పెట్టిందేనండి అన్నాను. ఫోను చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశారు. ముళ్ళ ప్రోగ్రాం ఎవరు రాశారంటే నేనే అన్నాను, అది అబద్ధం కాదు. తర్వాత ఇంకొక మాట అడిగారు. చెప్పాను.

కాఫీ వచ్చింది. చక్కెర సరిపోయింది. ఆయన గడియారం చూసుకున్నారు. “చూద్దామండి, ఫోన్ చేస్తాను” అన్నారు. నా నంబరు కూడా తీసుకున్నారు.

ప్రోగ్రాం రాసుకున్న లెక్క చూశాను. సున్నా పాయింటు తొమ్మిది సెకను.


ఏప్రిల్ 22, సోమవారం

ఫోను నాకు వచ్చింది. ట్రైనీగా చేరమన్నారు. శిక్షణ పొందేవాళ్ళ కోసం తేడాలు తయారు చేసే పని. అంటే ఇన్నాళ్ళూ షెడ్డులో ఉత్తినే చేసిందాన్ని ఇకపై ఏసీ గదిలో చేస్తాను. పోస్టు ఒక్కటే కదా.

నాన్న కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. అమ్మ పూర్ణాలు చేసింది.

నాకు ప్రతిభ ఉంది. లేనిది ఇవ్వరు.


ఏప్రిల్ 28, ఆదివారం. రేపల్లె నుంచి వచ్చి.

వెళ్ళి ఉద్యోగం సంగతి, మిరపకాయ సంగతి చెప్పేశాను. ఉదారంగా, మొత్తంగా. ఫోను చేతికిచ్చి చూపించాను. ఒక మనిషి తన నేరాలన్నీ ఒప్పుకోవడం ఎంత గొప్పగా ఉంటుందో ఆ కాసేపు అనుభవించాను.

వినయ్ అన్న ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మిరపకాయ బొమ్మను చూశాడు.

“ఎన్నిసార్లు?”

“పద్నాలుగన్నా.”

“పాస్టరు గారి ముందు?”

“అదీను.”

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన లేచి ఇంటి వైపు తిరిగి పిలిచాడు. “నిర్మలా, నా చేతికి ఏం కాలేదంట. అంతా ఈడేనంట.” నవ్వుతూనే పిలిచాడు, కళ్ళల్లో మాత్రం నీళ్ళున్నాయి. వదిన వచ్చి విని, నా వైపు చూసింది. ఆయన చెయ్యి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుంది.

కాసేపటికి ఆయనకు తట్టింది.

“అయితే సుబ్బయ్య గారి ముందు నేను ఇరవై అయిదు మీదే ఎత్తాను.”

“అవునన్నా.”

“టైముకే కట్ చేశానా?”

“సెకను కూడా పట్టలేదు.”

“మరి ఆయనకు నేనెందుకు నచ్చలేదు తమ్ముడూ?”

వయసు చూసి ఉంటారన్నా అన్నాను. ఆయన తల ఊపాడు. అంతే అయ్యుంటుంది అన్నాడు. ఎల్లుండితో కాలేజీ ఆఖరు, నిజాంపట్నం వైపు చెరువుల మీద మోటార్లు చూసుకునే పని దొరికిందన్నాడు. కాక్‌పిట్‌ను మీ కేంద్రం వాళ్ళు తీసుకుంటారేమో అడిగి చూడు, అమ్మడానికి కాదు, శిక్షణకొచ్చే పిల్లలు చూసుకుంటారు అన్నాడు.

కుడివైపు ఫ్యూయల్ లివరు ఊడదీసి, గుడ్డతో తుడిచి, నా చేతిలో పెట్టాడు. గుర్తుగా ఉంచుకోమన్నాడు.

రిబ్కమ్మ గారు నా ప్రయాణం కోసం ప్రార్థన చేసింది. తల మీద చెయ్యి పెట్టి, పేరు పెట్టి. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకుందామని చూశాను.


ఏప్రిల్ 30, మంగళవారం. రైల్లో.

లివరు సంచిలో అడుగున పెట్టాను, బట్టల కింద. అయినా బరువు తెలుస్తోంది. ఇనుము కాదు, అల్యూమినియమే.

మొదటి పేజీ తిరగేసి చదివాను. క్షమాపణ బాగానే రాశాను. ఇంజన్లకు, ప్రయాణికులకు, గగనతలానికి. పద్నాలుగు ఇంజన్లు, ఒక్కటి కూడా నిజంది కాదు. వినయ్ అన్న వాటన్నిటినీ క్షమించేశాడు కూడా. నిజం చెప్పాలంటే ఆయన చేతికి ఆ వేగం నేర్పినవి అవే. ముల్లు అబద్ధం చెబితే పసిగట్టేవాడు కావాలన్నారు కదా, అలాంటి మనిషిని వేలితో నొక్కి నొక్కి తయారు చేసింది నేనే. అక్కడితో ఆగి ఉంటే ఈ రైల్లో, ఈ సీటులో ఆయన ఉండేవాడు.

నేను చేసింది అది కాదు.

ఆయన కాఫీకి వెళ్ళినప్పుడు వెంకట సుబ్బయ్య గారు అడిగింది ఇది. “ఈ తేడా వస్తుందని అతనికి ముందే తెలుసా బాబూ?” ముందుకు వంగి అడిగారు. తెలీదు అనే మాట కోసమే ఎదురుచూస్తున్నారని మొహంలో కనిపిస్తోంది. ఆ మాట చెబితే చాలు.

ఇంట్లో కప్పుల చప్పుడు వినిపిస్తోంది. నా కళ్ళు తెరిచే ఉన్నాయి.

“తెలుసు సార్. ఆయన పెట్టమంటేనే పెట్టాను. పొద్దున్నుంచి రిహార్సల్ వేస్తున్నాం” అన్నాను.

ఆయన వెనక్కి వాలారు. “మరి ఆ క్షమాపణ? ఇరవై నాలుగు దగ్గర ఎత్తానన్నాడే?”

“అది కూడా సార్.”